ఇమ్లీబన్ దగ్గర ఆగిన రైలు



పోయిన జుమా నమాజ్ అయ్యాక అలియాబాద్‌లో ఉన్న మా ఫుప్పూ ఇంటికి వెళ్ళాను. వీధి గోడ మీద ఎర్ర రంగుతో ఒక గీత ఉంది. అది మొదటి గీత కాదు. పదేళ్ళ కిందట వేసిన గీత మీద రంజాన్‌కి సున్నం వేయించారు. ఇప్పుడు దానికి జానెడు లోపలగా కొత్త గీత పడింది. గీతకు ఇవతల ముందుగది, అందులో ఫుప్పా పెట్టిన అత్తరు దుకాణం. అవతల వంటిల్లు, ఒక చిన్న దాలాన్. ఫుప్పా ఇంతెఖాల్ అయి చాలా ఏళ్ళయింది. దుకాణం కిరాయి మీదే ఫుప్పూ మందులు, కరెంటు బిల్లు నడుస్తాయి.

చాయ్ తెచ్చి ముందు పెట్టి అడిగింది: "బేటా, రైల్ ఆతీ యా నై ఆతీ? నై ఆతీ తో యే లకీర్ కైకు?"

రైలు వస్తుందా, రాదా? రాకపోతే ఈ గీత ఎందుకు? ఇరవై ఏళ్ళుగా అఖ్బార్లలో పనిచేస్తున్నాను. మెట్రో మీద ఎన్ని ఖబర్లు రాశానో లెక్కలేదు. ఫుప్పూ అడిగిన దానికి మాత్రం నా దగ్గర సూటి జవాబు లేకపోయింది. ఇంటికి వచ్చి పాత నోటుబుక్కులు, తారీఖ్ పుస్తకాలు తీసి కూర్చున్నాను. అప్పుడు తెలిసింది, ఈ సవాల్ మా ఫుప్పూది ఒక్కతిదే కాదని. మన షహర్ ఈ ప్రశ్నను నూట యాభై ఏళ్ళుగా అడుగుతోంది.

పేరు నిజాంది, మంజిల్ ఛావణీది

మన రైలు కథ 1874లో మొదలైంది. అప్పుడు దీవాన్‌గా మొదటి సాలార్ జంగ్ ఉన్నారు. బొంబాయి–మద్రాసు లైను మీద ఉన్న వాడీ నుంచి సికింద్రాబాద్ దాకా పట్టాలు వేశారు. ఖర్చు నిజాం ఖజానాది. మంజిల్ మాత్రం సికింద్రాబాద్, అంటే అంగ్రేజ్ ఫౌజు ఉన్న ఛావణీ. చార్మినార్ చుట్టూ బతికే జనం ఎటు పోవాలో, ఎటు నుంచి రావాలో ఆ నక్షా గీసినవాళ్ళకు ముఖ్యం కాలేదు. ఇప్పుడున్న నాంపల్లి స్టేషన్ 1907లో వచ్చింది, కాచిగూడ 1916లో. రెండూ మూసీకి ఉత్తరాన్నే ఉన్నాయి.

పురానా షహర్‌కి అసలు రైలే లేదంటే తప్పు చెప్పినట్టవుతుంది. కాచిగూడ నుంచి దక్షిణానికి పోయే లైను మలక్‌పేట, దబీర్‌పురా, యాకుత్‌పురా, ఉప్పుగూడ, ఫలక్‌నుమా మీదుగా పోతుంది. కానీ అది షహర్‌కి తూర్పు అంచు పట్టుకుని పోయే దారి. షాలిబండలో, హరిబౌలీలో, మీర్ మోమిన్ దాయిరా దగ్గర ఉండేవాళ్ళకు రైలు కూత వినపడుతుంది గానీ రైలు అందదు. 2003, 2004లో ఎంఎంటీఎస్ వచ్చినప్పుడు కూడా ఈ పాత పట్టాల మీదే నడిపారు. కొత్త రైలు పాత అంచు మీదే పోయింది.

ప్రశ్న అడిగితే షహర్ బదర్

రెండో ముచ్చట 1883 నాటిది. సికింద్రాబాద్ నుంచి లైనును ముందుకు, వరంగల్ వైపు, చాందా వైపు పొడిగించాలన్న ఆలోచన వచ్చింది. కట్టేది లండన్‌లో పెట్టిన కంపెనీ. ఆ కంపెనీలో డబ్బు పెట్టినవాళ్ళకు వడ్డీ గ్యారంటీ ఇచ్చేది నిజాం సర్కార్. అందుకే దాని పేరులోనే ఆ మాట చేరింది: నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. నఫా వస్తే కంపెనీకి, తక్కువ పడితే మన ఖజానా నింపాలి.

అప్పుడు హైదరాబాద్‌లో కొందరు నోరు విప్పారు. సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ ఛటోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూమ్ వంటివాళ్ళు. వాళ్ళు రైలు వద్దనలేదు. ఈ ముఆమలాలో ఏముందో కాగితాలు జనం ముందు పెట్టండి, నిర్ణయానికి ముందు జనం మాట వినండి అన్నారు. దానికి ఇనామ్ ఏం దొరికింది? అఘోరనాథ్‌ను రియాసత్ నుంచి వెళ్ళగొట్టారు. కొన్నేళ్ళకు మళ్ళీ రానిచ్చారు. లైను మాత్రం వాళ్ళు కోరుకున్నట్టే పోయి, 1889కి బెజవాడ చేరింది.

ఈ వాఖియా నేను స్కూల్లో చదవలేదు. ఉర్దూ మీడియం తారీఖ్ పాఠంలో బాబర్ ఉన్నాడు, అక్బర్ ఉన్నాడు, మన గల్లీ నుంచి లేచిన ఈ సవాల్ లేదు. డిగ్రీలో తెలుగు సాహిత్యం చదువుతూ హైదరాబాద్ ఉద్యమాల చరిత్ర తిరగేస్తుంటే కనపడింది. రైలు మీద మన షహర్ అడిగిన మొదటి పెద్ద ప్రశ్న "ఎవరి డబ్బు, ఎవరి లాభం" అన్నది. దాన్ని హిందువులు, ముసల్మాన్లు కలిసి అడిగారు.

గ్యారంటీ మీద నడిచిన ఆ కంపెనీని చివరికి 1930లో నిజాం సర్కారే కొనేసింది. తర్వాత ఒక మంచి పని జరిగింది. 1932లో ఆ రైల్వే విభాగంగానే బస్సులు మొదలయ్యాయి, 27 బస్సులు, 166 మంది సిబ్బందితో. ఇవాళ్టి మన ఆర్టీసీకి పునాది అదే. రైలు దిగినవాడు బస్సు ఎక్కాలి, కనుక రెండూ ఒకే ఇంట్లో ఉండాలని ఆనాటివాళ్ళకు తోచింది. ఇప్పుడు ఎంఎంటీఎస్ ఒకరిది, మెట్రో ఒకరిది, బస్సు ఇంకొకరిది. ఒక టికెట్ ఇంకోచోట చెల్లదు.

అప్పుడు కూడా ఇళ్ళు పోయాయి

"ఇళ్ళు కూలగొట్టకుండా తరక్కీ రాదా?" అని చాలామంది అడుగుతారు. మన షహర్‌లో ఇళ్ళు పోవడం కొత్త కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని మింగింది. ఆ తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. ఇరుకు బస్తీలు తీసేశారు, రోడ్లు వెడల్పు చేశారు. కానీ తీసినచోట ఏదో ఒకటి కట్టి ఇచ్చారు. పేదలకు కొత్త మొహల్లాలు వేశారు. మూసీ నుంచి చార్మినార్‌కి పోయే దారిని వెడల్పు చేసి, రెండు వైపులా కమాన్లతో రాతి దుకాణాలు లేపారు. అదే పత్తర్‌గట్టీ. మన అమ్మీలు నిఖా బట్టలు కొన్నది అక్కడే, మన పిల్లలు ఈద్‌కి కొనేదీ అక్కడే. రోడ్డు పెద్దదయింది, బజారు బతికింది.

అంటే అడగవలసింది "కూలుస్తారా, కూల్చరా" అని ఒక్కటే కాదు. "కూల్చినచోట ఏం లేపుతారు, అందులో మా చోటు ఎక్కడ" అని కూడా అడగాలి.

వంద ఏళ్ళ తర్వాత అదే ముఆమలా

ఇక మెట్రో. 2008లో టెండర్ గెలిచిన మేటాస్ బృందం సర్కారు నుంచి పైసా అడగకపోగా, తానే ఏళ్ళ తరబడి 30,311 కోట్లు ఎదురిస్తానంది. దిల్లీ మెట్రో కట్టిన శ్రీధరన్ ఆ లెక్క మీద అనుమానం చెప్పారు, రైలు పేరుతో భూముల వ్యాపారం అవుతుందని హెచ్చరించారు. అప్పటి సర్కారు ఆయన మీద పరువునష్టం దావా వేస్తానంది. 2009 జనవరిలో సత్యం కుప్పకూలింది, ఆ ఏడాదే మేటాస్ ఒప్పందం రద్దయింది. అఘోరనాథ్ గుర్తొచ్చారా? నాకైతే వచ్చారు.

2010లో ఎల్ అండ్ టీ వచ్చింది. ఒప్పందంలో రైలుతో పాటు 1 కోటి 85 లక్షల చదరపు అడుగుల కట్టడాల హక్కు ఉంది. రాబడిలో దాదాపు సగం టికెట్ల నుంచి, మిగిలిందాంట్లో ఎక్కువ భాగం మాల్స్, ఆఫీసుల కిరాయిల నుంచి రావాలన్నది లెక్క. పంజాగుట్టలో, ఎర్రమంజిల్‌లో, హైటెక్ సిటీలో, మూసారాంబాగ్‌లో మాల్స్ లేచాయి. నా సోచ్ ఇది: రైలు ఖర్చు మాల్ కిరాయితో తీరాలన్నప్పుడు, మాల్ కట్టడానికి ఖాళీ జాగా లేని మొహల్లాకు పోవాలనే తొందర ఎవరికీ ఉండదు. షాలిబండలో మాల్ ఎక్కడ కడతారు?

2017 నవంబరులో మియాపూర్–నాగోల్ మధ్య రైలు నడిచింది. 2018లో ఎల్బీనగర్, 2019లో హైటెక్ సిటీ. 2020 ఫిబ్రవరి 7న జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్, అంటే మన ఇమ్లీబన్ బస్టాండ్ దాకా గ్రీన్ లైన్ వచ్చింది. ఆ లైను అసలు నక్షాలో ఫలక్‌నుమా దాకా ఉండాలి. 5.5 కిలోమీటర్లు మిగిలిపోయింది. దాదాపు 69 కిలోమీటర్లు కట్టి, ఆ అయిదున్నర దగ్గర ఆగారు.

మన వైపు నుంచి ఏం జరిగింది?

ఇక్కడ ఇన్సాఫ్‌గా మాట్లాడాలి. తప్పంతా అవతలివాళ్ళదే అని రాస్తే మీకు నచ్చుతుంది, కానీ సచ్ కాదు. దారుల్‌షిఫా, పురానీ హవేలీ, ఎతెబార్ చౌక్, అలీజా కోట్ల, హరిబౌలీ మీదుగా పోయే ఆ దారిలో మస్జిద్‌లు, ఆషూర్‌ఖానాలు, మందిరాలు, ఖబరస్తాన్లు ఉన్నాయి. మన నాయకులు, బజారు పెద్దలు ఆ దారి వద్దన్నారు. మూసీ వెంట, బహదూర్‌పురా మీదుగా తిప్పమన్నారు. వాళ్ళ భయంలో నిజం ఉంది. కానీ ఆ మాట చెప్పి ఊరుకున్నాం. సర్కారు కూడా "మీవాళ్ళే వద్దన్నారుగా" అని హాయిగా ఊరుకుంది. ఏళ్ళు గడిచాయి. మనం వద్దన్నదీ నిజమే, వాళ్ళకు వద్దనిపించిందీ నిజమే. ఇద్దరి మధ్య నుక్సాన్ ఎవరికి పడింది?

మా ఫుప్పూ మనవడు హైటెక్ సిటీలో పనిచేస్తాడు. రోజూ షేర్ ఆటోలో ఇమ్లీబన్ దాకా, అక్కడ మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి, పోతాడు. మెట్రోలో గడిపే సమయం కన్నా ఆ మొదటి ముక్క కోసం గడిపే సమయమే అతన్ని అలగొడుతుంది. అతని చెల్లెలు ఇంటర్‌లో మంచి మార్కులు తెచ్చుకుంది. అమీర్‌పేట వైపు ఒక కాలేజీలో చేరాలనుకుంది. "రెండు ఆటోలు మారి, మగ్రిబ్ దాటాక పిల్ల ఎట్లా వస్తుంది?" అన్నాడు వాళ్ళ అబ్బా. పిల్ల పక్క గల్లీ కాలేజీలో చేరింది. ఆమె చదవాలనుకున్న సబ్జెక్టు అక్కడ లేదు.

ఆ అబ్బాని తిట్టబుద్ధి కాలేదు నాకు. మీ ఇళ్ళలో కూడా ఇట్లాంటి ఫైసలాలు జరిగే ఉంటాయి. ఏ డీపీఆర్‌లోనూ ఇది రాయరు. రేపు ఎంతమంది ఎక్కుతారని లెక్కేసేటప్పుడు, ఇవాళ ప్రయాణిస్తున్నవాళ్ళ నుంచే మొదలుపెడతారు. దూరమని ప్రయాణమే మానుకున్న పిల్ల ఆ లెక్కలోకి ఎట్లా వస్తుంది?

దిల్లీ ఏం చేసింది

"పాత షహర్‌లో మెట్రో కుదరదు" అనేవాళ్ళకు ఒక మాట. దిల్లీలో చావ్‌డీ బజార్ స్టేషన్ 2005లో తెరిచారు. పైన కాగితం దుకాణాలు, రిక్షాలు, కింద చాలా లోతున రైలు. 2017లో జామా మస్జిద్, లాల్ ఖిలా పేర్లతోనే స్టేషన్లు వచ్చాయి, అవీ భూమి కిందే. నేను జామా మస్జిద్ స్టేషన్‌లో దిగి మెట్లెక్కి వచ్చి జొహర్ నమాజ్‌కి అందుకున్నాను. పట్టాల వంతెన ఏదీ మినార్లకు అడ్డం రాలేదు.

మరి ఇక్కడ భూమి కింద ఎందుకు కాదు? డబ్బు. సొరంగం ఖర్చు పైవంతెన కన్నా రెండింతలకు మించే ఉంటుంది. అందుకే మనకు వచ్చేది స్తంభాల మీది రైలు. స్తంభాలకు జాగా కావాలి కనుక 50, 60 అడుగుల రోడ్డు 100 అడుగులు కావాలి, స్టేషన్ల దగ్గర 120. ఫుప్పూ గోడ మీద గీత జానెడు లోపలికి జరిగింది అందుకే. ఖజానా మిగిల్చుకునేది ఆ ముందుగదుల్లోంచి వస్తోంది. అలాంటప్పుడు ముఆవజా లెక్క వేసేటప్పుడు చేయి బిగపట్టడం ఇన్సాఫ్ కాదు.

ఇప్పుడు ఎందుకు వస్తోంది

2024 మార్చి 8న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఫలక్‌నుమా దగ్గర శంకుస్థాపన చేశారు. తర్వాత లైనును చాంద్రాయణగుట్ట దాకా పొడిగించి 7.5 కిలోమీటర్లు చేశారు, ఖర్చు అంచనా 2,741 కోట్లు. రెండో దశలో ఇది ఒక ముక్క. మొత్తం అయిదు కారిడార్లు, 76.4 కిలోమీటర్లు, 24,269 కోట్లు. అందులో పెద్దది నాగోల్ నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి పోయే 36.8 కిలోమీటర్ల లైను. అది చాంద్రాయణగుట్ట మీదుగా పోతుంది. మన లైను అక్కడ దానితో కలుస్తుంది. 1874లో ఛావణీ కోసం వచ్చిన రైలు మన పక్కనుంచి పోయింది. ఈసారి విమానాశ్రయానికి పోయే దారిలో మనం ఉన్నాం. కారణం ఏదైనా సరే, అల్హమ్దులిల్లాహ్ అనుకుని తలుపు తీయాలనే నా మాట. కానీ కళ్ళు తెరిచి తీయాలి.

దారిలో ఉన్న 103 సున్నితమైన కట్టడాలను, ఇబాదత్‌గాహ్‌లను, పాత ఇమారత్‌లను, స్తంభాల చోటు మార్చి, దారి వంచి కాపాడతామని అధికారులు మాట ఇచ్చారు. 2025 జనవరిలో మొదటి చెక్కులు పంచారు, చదరపు గజానికి 81,000 రూపాయల లెక్కన. అదే ఏడాది సెప్టెంబరులో ఇంకో ఖబర్ వచ్చింది: మొదటి దశ మెట్రోను కంపెనీ నుంచి తీసుకోవడానికి రాష్ట్ర సర్కారు సూత్రప్రాయంగా ఒప్పుకుంది, అప్పుల బరువుతో సహా. 1883 కంపెనీని కొనడానికి 47 ఏళ్ళు పట్టింది. 2010 ఒప్పందం విషయంలో 15 ఏళ్ళకే ఆ మాట వచ్చింది. రెండుసార్లూ కంపెనీతో మొదలై సర్కారు దగ్గరికే వచ్చింది. "ఎవరి డబ్బు, ఎవరి లాభం" అన్న ఆ పాత సవాల్‌కి ఇంకా వయసు మీదపడలేదు.

మనం అడగాల్సినవి

ఒకటి, కిరాయిదారుల హక్. చెక్కు మాలిక్ పేరున వస్తుంది. ముప్పై ఏళ్ళుగా పగ్డీ ఇచ్చి దుకాణం నడుపుతున్నవాడి సంగతేంటి? 2013 భూసేకరణ చట్టం ప్రకారం, సేకరణకు ముందు మూడేళ్ళుగా అక్కడే రోజ్‌గార్ ఉన్న కిరాయిదారు కుటుంబం కూడా నష్టపోయిన కుటుంబమే. ఈ సంగతి తెలియక చాలామంది దరఖాస్తే పెట్టరు. కిరాయి రసీదులు, లైసెన్సు, కరెంటు బిల్లులు దాచిపెట్టుకోండి.

రెండు, పత్తర్‌గట్టీ మిసాల్. గది పోయినవాళ్ళకు చెక్కుతో సరిపెట్టకుండా, స్టేషన్ల కింద కట్టే దుకాణాల్లో వాళ్ళకే మొదటి హక్ అడగాలి. వందేళ్ళ కిందట జరిగింది, ఇప్పుడెందుకు జరగదు?

మూడు, స్టేషన్ నుంచి గల్లీ దాకా. చార్మినార్ పేరుతో వచ్చే స్టేషన్ చార్మినార్‌కి దాదాపు అర కిలోమీటరు దూరంలో ఉంటుంది. అక్కడి నుంచి మంచి ఫుట్‌పాత్, దీపాలు, చిన్న బస్సులు, అన్నిటికీ ఒకే టికెట్ కావాలి. 1932లో ఆలోచించినదాన్ని ఇవాళ గుర్తుచేయడం పెద్ద కోరికేం కాదు.

ఇవి అడిగితే రైలును అడ్డుకున్నట్టు కాదు. అఘోరనాథ్, అబ్దుల్ ఖయ్యూమ్ చేసింది ఇదే. పదేళ్ళ కిందట మనం "ఇక్కడ వద్దు" దగ్గర ఆగకుండా "ఇట్లా అయితే రండి" అని ఉంటే, ఆ పిల్ల ఇవాళ ఎక్కడ చదువుతుండేదో.

మొన్న మళ్ళీ ఫుప్పూ దగ్గరికి వెళ్ళి ఇదంతా చెప్పాను. రైలు వచ్చేటట్టే ఉంది, ముందుగది పోయేటట్టే ఉంది అన్నాను. కాసేపు తస్బీహ్ తిప్పుతూ ఊరుకుంది. తర్వాత దుకాణం నడిపే అబ్బాయికి ఏమైనా ఇస్తారా అని అడిగింది. అతని కాగితాలు నేను రాసిపెడతానన్నాను. ఇన్షాల్లాహ్ ఈ వారం ఇద్దరం కలిసి వెళ్తున్నాం.

లేచి వస్తుంటే ఇంకొకటి అడిగింది, స్టేషన్ ఇక్కడికి ఎంత దూరమని. నడిచి పోయేంతే అన్నాను. లోపల చదువుకుంటున్న మనవరాలి వైపు చూసి, "సున్‌రీ క్యా?" అంది.